ఎంపీసీకీ హెచ్ఈసీకీ మధ్య దూరం ఎంత?

మొన్న ఆదివారం పొద్దున్నే అక్క ఫోను. "ఒరేయ్, దీనికి పదోతరగతి లెక్కల్లో అన్ని మార్కులొచ్చాయా, ఇప్పుడు ఇంటర్లో హెచ్ఈసీ తీసుకుంటానంటోంది. హిస్టరీ చదివి రీసెర్చి చేస్తుందట! నువ్వు చెప్తే వింటుంది, కాస్త చెప్పరా" అంది. సాయంత్రం మాట్లాడతాలే అని పెట్టేశాను. నిజం చెప్పొద్దూ, అప్పటికి నా మనసులో ఉన్నదీ అక్క మాటే. మా కాలేజీ రోజుల్లో హెచ్ఈసీ అంటే ఎక్కడా సీటు రానివాళ్ళ గ్రూపని నవ్వుకున్న బ్యాచిలో నేనూ ఒకణ్ణి.

కానీ మేనకోడలికి ఏం చెప్పాలా అని ఆలోచిస్తుంటే, ఆఫీసులో రోజూ వాడే ఒక ఫార్ములా అడ్డం పడింది. బ్యాంకు లావాదేవీల్లో తేడాగా కనిపించేవాటిని పట్టుకోవడం మా టీము పని. అందులో మహలనోబిస్ దూరం అని ఒక కొలత వాడతాం. ఒక్క లైను కోడ్ రాస్తే వచ్చేస్తుంది కాబట్టి అదెక్కడ పుట్టిందో చాలా ఏళ్ళు నేను పట్టించుకోలేదు. తీరా చూస్తే అది బ్యాంకుల కోసమో కంప్యూటర్ల కోసమో పుట్టింది కాదు, మనుషుల తలలూ ముక్కులూ కొలిచినవాళ్ళ కోసం పుట్టింది.

ప్రశాంత చంద్ర మహలనోబిస్ కేంబ్రిడ్జిలో చదివింది ఫిజిక్సు. 1915లో ఇంటికొస్తూ బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలు వెంట తెచ్చుకుని ఓడలో చదువుకున్నారు. జీవుల కొలతలకి గణితాన్ని జోడించే పత్రిక అది. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్తూనే స్టాటిస్టిక్సులో పడ్డారు. 1920లో నాగపూర్ సైన్సు కాంగ్రెస్సులో నెల్సన్ అన్నండేల్ అనే జంతుశాస్త్రవేత్త కలిశాడు. ఆయన దగ్గర కలకత్తా ఆంగ్లో-ఇండియన్ల శరీర కొలతలున్నాయి, వాటిని ఏం చెయ్యాలో తెలీదు. ఆ కాగితాలు మహలనోబిస్ చేతికొచ్చాయి. ఆ దారిలో పోయి పోయి 1936లో తేలిందే ఈ దూరం.

విషయం కష్టమేం కాదు. రెండు గుంపుల మనుషులు ఎంత వేరుగా ఉన్నారో చెప్పాలి. ఎత్తులో తేడా, బరువులో తేడా విడివిడిగా లెక్కేసి కలిపేస్తే తప్పు. పొడుగ్గా ఉన్నవాడు సహజంగానే బరువుంటాడు, అంటే ఒకే తేడాని రెండుసార్లు లెక్కేసినట్టు. కొలతలకి ఒకదానితో ఒకటి ఉన్న చుట్టరికాన్ని తీసేసి దూరం కొలవడమే ఆయన చేసిన పని.

1931లో ఆయనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. మన తెలుగువాడి ప్రవేశం ఇక్కడ. సి.ఆర్.రావుగారు, అంటే కల్యంపూడి రాధాకృష్ణారావు, గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ఎమ్మే ఫస్టు క్లాసు. అంత చదివినా యుద్ధకాలంలో ఉద్యోగం లేదు. ఏదో ఉద్యోగానికని కలకత్తా వెళ్తే అది రాలేదు గానీ, హోటల్లో దిగిన ఒక కుర్రాడి ద్వారా ఈ ఇన్‌స్టిట్యూట్ సంగతి తెలిసింది. 1941 జనవరిలో చేరిపోయారు.

తర్వాత కలకత్తా యూనివర్సిటీలో పాఠాలు చెప్తున్నప్పుడు క్లాసులో ఫిషర్ సిద్ధాంతం ఒకటి వివరిస్తున్నారు. అంచనా ఎంత కచ్చితంగా ఉండొచ్చో చెప్పే సిద్ధాంతం, కాకపోతే శాంపిలు చాలా పెద్దదైతేనే. ఒక విద్యార్థి లేచి "చిన్న శాంపిలుకి కూడా ఇలాంటిది చెప్పలేమా?" అని అడిగాడు. రావుగారు ఇంటికెళ్ళి కూర్చుని నిరూపించేశారు. 1945లో అచ్చయిన ఆ పేపరుకి అప్పటికి ఆయన వయసు పాతికే. స్వీడన్ గణితజ్ఞుడు క్రామెర్ కూడా విడిగా అదే కనుక్కున్నాడు కాబట్టి ఇప్పుడు క్రామెర్-రావు అసమానత అంటున్నాం. రాడార్ సిగ్నళ్ళ లెక్కల్లో కూడా అదే ఆధారం.

అన్నట్టు, ఆ ప్రశ్న అడిగిన విద్యార్థి వి.ఎం.దాండేకర్. ఆయన గణితంలో ఉండిపోలేదు, ఆర్థికశాస్త్రం వైపు వెళ్ళాడు. 1971లో నీలకంఠ రథ్‌తో కలిసి మన దేశంలో పేదరికం మీద పుస్తకం రాశాడు. పేదరికపు గీత గురించి ఇప్పటికీ మాట్లాడేవాళ్ళు ఆ పుస్తకం దగ్గరికి పోవలసిందే.

రావుగారేమో 1946లో కేంబ్రిడ్జి వెళ్ళారు. చేరింది గణిత విభాగంలో అనుకుంటున్నారా? పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో! సూడాన్లోని జెబెల్ మోయాలో తవ్వకాల్లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలని తన గురువుగారి దూరంతో విశ్లేషించడం ఆయన పని. పక్కనే ఫిషర్ దగ్గర పీహెచ్‌డీ. చరిత్రవాళ్ళ ఎముకలు, జంతుశాస్త్రంవాళ్ళ కాగితాలు, ఫిజిక్సు మాస్టారి ఫార్ములా, అన్నీ ఒకే బల్ల మీద.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే "చూశావా, చివరికి లెక్కలే గొప్ప" అంటుంది అక్క. అక్కడే చిక్కు.

మనుషుల్ని కొలిచే ఈ పిచ్చికి మన దేశంలో ఒక చెడ్డ చరిత్ర ఉంది. 1901 జనాభా లెక్కలు చూసిన హెర్బర్ట్ రిస్లీ అనే బ్రిటిష్ అధికారి, సగటు ముక్కు ఎంత వెడల్పయితే సమాజంలో ఆ కులం హోదా అంత తక్కువని వాదించాడు. మహలనోబిస్ 1933లో రిస్లీ అంకెల్ని తిరగదోడి సరిచూశారు. అంకెల్లో తప్పుల్ని గణితం పట్టుకోగలదు. కానీ అసలు ఈ గుంపుల్ని ఎవరు గీశారు, ఎందుకు గీశారు, కొలిచేవాడికి ఏం కావాలి అన్నది ఫార్ములా అడగదు. అది అడిగింది బెర్నార్డ్ కోన్, నికొలస్ డర్క్స్ లాంటి చరిత్ర చదివినవాళ్ళు.

నా పనిలోనే చూడండి. కొన్నేళ్ళ క్రితం మేం రాసిన ప్రోగ్రాము చిన్న ఊళ్ళ కిరాణా కొట్ల లావాదేవీలని పదేపదే అనుమానంగా చూపించింది. కోడ్ అంతా వెతికాం, దూరం లెక్క సరిగ్గానే ఉంది. వారం తర్వాత టీములో కొత్తగా చేరినమ్మాయి "అసలు మనం నార్మల్ అంటున్నది ఎవరి నార్మల్?" అంది. మేం ఇచ్చిన డేటా అంతా సిటీల్లో కార్డులు గీకేవాళ్ళది! ఆ వారంలో ఎంతమంది కొట్టువాళ్ళకి డబ్బు ఆగిందో తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. నాలాంటి ఎంపీసీ బుర్రలు అరడజను కూర్చుని కూడా అడగని ప్రశ్న అది.

సాయంత్రం మేనకోడలితో మాట్లాడాను. ఉద్యోగాల సంగతి దాచలేదు, హిస్టరీలో రీసెర్చి అంటే ఏళ్ళ తరబడి చదువు, మధ్యలో డబ్బుకి కటకట అని చెప్పాను. అక్క భయం ఉత్త భయం కాదు. తర్వాత రావుగారి కథా, రిస్లీ కథా చెప్పి, "నువ్వు చేరు, కానీ లెక్కలు మాత్రం వదిలెయ్యకు, సొంతంగానైనా చదువు" అన్నాను.

అంతా విని "సరే మావయ్యా, మరి అమ్మకి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?" అంది.

నేనే చెప్తానన్నాను. మూడు రోజులైంది, ఇంకా ఫోను చెయ్యలేదు. మీలో హెచ్ఈసీ చదివి ఇంట్లోవాళ్ళని ఒప్పించినవాళ్ళెవరైనా ఉంటే ఎలా మొదలుపెట్టాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.