చమకములోని ధాన్యములు – మన చేలలోని పంటలు



“ఆ రోజులే వేరు” అను మాట నేడు పెద్దలందరి నోట వినబడుచున్నది. మన జహీరాబాదు ప్రాంతమున ఆ రోజులతో పోయినదేమి, నిలిచినదేమి అని ఈ ప్రతిష్ఠా సమయమున విచారించుట యుక్తము.

మన తాలూకా పూర్వము బీదరు జిల్లాలోనిది. 1956 నవంబరు 1న రాష్ట్రముల పునర్విభజనతో మెదకు జిల్లాలో చేరినది. 2016 అక్టోబరులో సంగారెడ్డి జిల్లాకు వచ్చినది. సరిహద్దులు మారినను పండుగలు మారలేదు. బీదరు సీమతో పాటు మనమును ఎల్ల అమావాస్య జరుపుకొనుచున్నాము. ఆనాడు ఇంటిల్లిపాది చేనికి పోయి, ఐదు రాళ్లు నిలిపి పాండవులుగా పూజించి, కాయగూరలు, గింజలు కలిపి వండిన భజ్జిని రొట్టెలతో అక్కడనే ఆరగింతురు. పంట నిలిచిన చేనే ఆనాటి దేవాలయము.

ఆ చేను ఎట్టిదో చూడుడు. మన ఎర్రనేలలు నీటిని ఎక్కువకాలము నిలుపుకొనలేవు. కావున పూర్వులు ఒక్క పంటను నమ్ముకొనలేదు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుము, నువ్వు మొదలైన పది పన్నెండు పంటలను ఒకే చేలో కలిపి వేసెడివారు. కొర్ర మూడు నెలలలో చేతికి వచ్చును. కంది లోతుగా వేరుదన్ని పుష్యమాసము వరకు నిలుచును. అనుపతీగ జొన్నకర్రపై ప్రాకును. పప్పుజాతి మొక్కలు నేలకు సారమునిచ్చును. వాన ఒక పంటను ముంచినను మరియొకటి ఇంటిని కాచెడిది.

శివాభిషేకమున మేము పఠించు చమకము నాలుగవ అనువాకమున యజమాని భగవంతుని పన్నెండు ధాన్యములు కోరును. వరి, గోధుమలతో పాటు మినుములు, నువ్వులు, పెసలు, కొర్రలు, సామలు, విత్తకనే పెరుగు నీవారములు కూడ అందున్నవి. ఒక్క వరి చాలునని ఋషులు అనలేదు.

1983లో రాష్ట్ర ప్రభుత్వము రెండు రూపాయలకు కిలో బియ్యము ఇచ్చుటతో పేదవాని ఇంట అన్నము ఉడికినది. అది పుణ్యకార్యమే. అయితే జొన్నకు, కొర్రకు ఆదరణ తగ్గినది. చెరకు, పత్తి విస్తరించినవి. రహదారి వెంట కర్మాగారములు వెలసినవి. మన పిల్లలకు ఉద్యోగములు దొరికినవి. వీటిని నిందించుట తగదు. తెల్లవారుజామున తిరుగలి త్రిప్పి చేతులు కాయలు కాసిన తల్లులను అడిగినచో ఆ రోజులలోని కష్టము తెలియును. మనము చింతించవలసినది ఆ కష్టము పోయినందుకు కాదు, దానితో పాటు విత్తనము పోవుచున్నందుకు.

ఆ విత్తనమును కాపాడినవారెవరు? ఊరి చివర వాడలలో నివసించు దళిత స్త్రీలే అధికముగా. 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలో చేరి, పడావు పడిన భూములను సాగుచేసి, బూడిద, వేపాకు కలిపి గింజలను దాచి, అవసరమైనవారికి బదులిచ్చి నిలిపినారు. ఏటా సంక్రాంతి మొదలు ఎడ్లబండ్లపై విత్తనములను ఊరూరా ఊరేగించు పాత పంటల జాతర వారిదే. కేతకీ సంగమేశ్వరుడు వెలసిన ఝరాసంగం మండలములోని మాచ్నూరులో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో ఆరంభించి తమ జ్ఞానమును తమ నోటనే వినిపించినారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ వారి కృషికి ఈక్వేటర్ బహుమతి నొసగినది. 2023ను ప్రపంచమంతయు చిరుధాన్య సంవత్సరముగా జరుపుకొన్నది. చమకములో మేము నోట పలుకు ధాన్యములను వారు నేలలో నిలిపినారు. వారు ఈ దేవునికి ఏ దాతకును తక్కువవారు కారు.

ప్రతిష్ఠకు ముందు అంకురార్పణ జరుగును. పాలికలలో మట్టి నింపి ధాన్యములు చల్లి, మొలక బాగుగ వచ్చిన శుభమని తలంతుము. ఏనాటివో తెలియని అంగడి గింజలు మొలకెత్తకపోవచ్చును. మన ఊరి చేలలో పండిన గింజలను ఆ తల్లుల నుండి గౌరవముగా, తగిన వెలయిచ్చి తెచ్చుకొందము. అన్నదానమున ఒక్క వంటకమైనను కొర్రలతోనో జొన్నలతోనో వండించుదము.

ఆలయమునకు జీర్ణోద్ధరణ ఏండ్లకొకసారి జరుగును. విత్తనమునకు అది ఏరువాక వచ్చిన ప్రతిసారి జరుగవలెను. విత్తని గింజ కొన్నేండ్లకు జీవము కోల్పోవును. గడచిన కాలమును తిరిగి తెచ్చుట మనకు సాధ్యము కాదు. గుప్పెడు గింజలను రాబోవు ఏటికి అందించుట సాధ్యమే. ఆ పుణ్యము మీ అందరికి కలుగుగాక!

శుభం భూయాత్.