గోగునార, అయిదు వేల పౌండ్ల బహుమతి, మన పెద్దల వేళ్ళు



బరంపురం వెళ్ళినా, షోలాపూరు వెళ్ళినా, బళ్ళారి వెళ్ళినా మనవాళ్ళు గోంగూరను వదల్లేదు. ఆ గోగు జాతి మొక్కను ఆకు కోసం కాకుండా కాండం కోసం పెంచి, నార తీసి బతికిన కుటుంబాలు మనలో ఉన్నాయని మాత్రం మన పిల్లల్లో చాలామందికి తెలియదు. నారను చెడగొట్టకుండా కాండం నుంచి విడదీసే యంత్రం కోసం పెద్ద పెద్ద ప్రభుత్వాలే తంటాలు పడ్డాయి. ఈసారి ఆ కథ చెప్పుకుందాం.

ముందు పని ఎలా జరిగేదో చూద్దాం. తొలకరికి గోగు చల్లుతారు. పూత సమయానికి కోసి, కట్టలు కట్టి, ఆకు రాలేదాకా పొలంలోనే ఉంచుతారు. తర్వాత చెరువులోనో గుంటలోనో ముంచి పైన బరువు పెడతారు. కాండం మధ్యలో పుల్ల, దాని చుట్టూ బెరడు, ఆ బెరడులో నార ఉంటాయి. వీటిని అంటిపెట్టి ఉంచేది పెక్టిన్ అనే జిగురు. నీటిలోని సూక్ష్మజీవులు ఆ జిగురును తినేస్తాయి. దీనికి రెండు మూడు వారాలు పడుతుంది. నీరు చల్లగా ఉంటే ఇంకా ఆలస్యమవుతుంది. ముందే తీస్తే బెరడు ముక్కలు నారకు అంటుకుని వస్తాయి. రెండు మూడు రోజులు ఆలస్యమైతే నార కూడా కుళ్ళి బలం పోతుంది. సరైన రోజు ఏదో చెప్పడానికి పరికరం ఏదీ లేదు. ఒక పుల్ల బయటికి తీసి, బెరడును బొటనవేలితో జరిపి చూసేవారు. ఆ తర్వాత నడుములోతు మురుగు నీటిలో నిలబడి, మొదలు దగ్గర కొట్టి, నారను ఊడదీసి, జాడించి, ఎండలో ఆరేసేవారు.

అలా తీసిన నార భీమునిపట్నం రేవు నుంచి ఎగుమతి అయ్యేది. అందుకే మార్కెట్‌లో దానికి బిమ్లి జూట్ అన్న పేరు నిలిచిపోయింది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడేదాకా గంజాం, విశాఖపట్నం రెండూ మద్రాసు రాష్ట్రంలోని జిల్లాలే. సరిహద్దు గీసేశాక కూడా రెండువైపులా గోగు పండింది. ఈ రెండు జిల్లాల నుంచే వేలమంది మనవాళ్ళు కలకత్తా దగ్గర టీటాగఢ్ వంటి చోట్ల జూట్ మిల్లుల్లో పనికి వెళ్ళారు. మిల్లులో వడకడానికీ నేయడానికీ ఆవిరి యంత్రాలు వచ్చాయి. కాండం నుంచి నార తీసే పని మాత్రం చెరువులోనే ఉండిపోయింది.

మరి ఆ పనికి యంత్రం ఎవరూ చేయలేదా అంటే, చేశారు. యానాం సభ్యులకు బాగా తెలిసిన సామర్లకోటలో 1780లలో విలియం రాక్స్‌బర్గ్ అనే వైద్యుడు మొక్కల తోట పెంచాడు. తర్వాత ఆయన కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు అధికారిగా వెళ్ళాడు. అక్కడికి 1803లో సుమత్రా దీవి నుంచి రామీ మొక్కలు తెప్పించి, తను చూసిన నారల్లోకెల్లా గట్టివాటిలో అది ఒకటని తేల్చాడు. గోగులా రామీ నార కూడా బెరడులోనే ఉంటుంది. కానీ దాని జిగురు మరీ మొండిది. మామూలుగా నీటిలో నానబెడితే సరిగ్గా వదలదు.

1870లో భారత ప్రభుత్వం ఒక ప్రకటన చేసింది. పచ్చి రామీ కాండం నుంచి మంచి నారను టన్నుకు 15 పౌండ్లు మించని ఖర్చుతో తీసే యంత్రం తెస్తే 5 వేల పౌండ్ల బహుమతి ఇస్తామంది. 1872లో సహరాన్‌పూర్‌లో పరీక్ష పెడితే చివరికి ఒక్క యంత్రమే వచ్చింది. ఎడింబరో నుంచి గ్రెగ్ అనే ఆయన తెచ్చాడు. షరతులు నెరవేరలేదు కానీ, పడ్డ శ్రమకు 1500 పౌండ్లు ఇచ్చారు. మళ్ళీ 50 వేల రూపాయల బహుమతి ప్రకటించి, 1879లో అక్కడే రెండో పరీక్ష జరిపారు. ఈసారి చాలా యంత్రాలు వచ్చినా పూర్తి బహుమతి ఎవరికీ దక్కలేదు. 1881లో ప్రభుత్వం ఆ ప్రకటనను వెనక్కి తీసుకుంది.

ఎందుకు కుదరలేదు? పుల్లను విరగ్గొట్టడం యంత్రానికి తేలికే. కానీ ఆ దెబ్బకే నారా తెగుతుంది. దెబ్బ తగ్గిస్తే బెరడు, జిగురు నారతోనే ఉండిపోతాయి. ఒక్కో కాండం ఒక్కో లావు, ఒక్కో ముదురు. చేతికి ఆ తేడా తెలుస్తుంది, ఇనుప రోలరుకు తెలియదు.

తమిళనాడు సభ్యులు ఇక్కడొక మాట అడగవచ్చు. తిరుచ్చి వైపు అరటి బోదె నుంచి యంత్రంతోనే నార తీస్తున్నారు కదా అని. నిజమే. ఆ యంత్రంలో మొద్దు బ్లేడ్లున్న డ్రమ్ము వేగంగా తిరుగుతుంది. బోదె పట్టను సగం లోపలికి పెట్టి వెనక్కి లాగి, తిప్పి రెండో సగం పెడతారు. గుజ్జు రాలిపోయి నార చేతిలో మిగులుతుంది. కిత్తనారకూ ఇదే పద్ధతి. కానీ వాటిలో నార చుట్టూ ఉండేది మెత్తని గుజ్జు. గోగులోలా నారకు ఆనుకుని గట్టి పుల్ల ఉండదు.

జూట్, గోగులకు చివరికి దొరికింది మధ్యేమార్గం. పచ్చి కాండం నుంచి బెరడును మాత్రం పట్టీలుగా ఒలిచే యంత్రాలు వచ్చాయి. ఆ పట్టీలను చిన్న తొట్టిలో ఊరవేస్తే చాలు, నీరూ రోజులూ బాగా తగ్గుతాయి. బ్యారక్‌పూర్ దగ్గరి కేంద్ర జూట్ పరిశోధన సంస్థ త్వరగా ఊరడానికి సూక్ష్మజీవుల పొడి కూడా తయారుచేసింది. అంటే యంత్రం ఎంత ముందుకొచ్చినా చివరి పని ఇంకా ఆ జీవులదే. అయినా చాలామంది రైతులు పాత పద్ధతి వదల్లేదు. కొన్ని యంత్రాల్లో పుల్ల ముక్కలైపోతుంది. దడికీ పొయ్యికీ పనికొచ్చే పుల్ల కూడా రైతుకు ఆదాయమే. మెత్తగా విడదీయడమంటే నారతోపాటు పుల్లనూ కాపాడడమని యంత్రం చేసినవాళ్ళకు ఆలస్యంగా తెలిసింది.

ఈ చరిత్ర చెప్పి పాత రోజులే బాగున్నాయని మేము అనడం లేదు. కుళ్ళిన నీటిలో రోజంతా నిలబడితే కాళ్ళు పాసిపోతాయి, చర్మం పుండ్లు పడుతుంది. ఆ వాసన ఒంటికి పట్టిందని వాళ్ళను దూరంగా కూర్చోబెట్టినవాళ్ళూ ఉన్నారు. మంచి యంత్రం వచ్చి ఆ కష్టం తీరితే అంతకంటే కావలసిందేముంది? ఈలోగా ప్లాస్టిక్ సంచులు వచ్చాయి, గోగు సాగు తగ్గిపోయింది, భీమిలి పక్కన చిట్టివలస జూట్ మిల్లు 2009లో మూతపడింది. కష్టం తీరకుండానే కూడు పోయింది.

మేము చెప్పదలచింది ఒక్కటే. అయిదు వేల పౌండ్లు పెట్టినా కొనలేని నేర్పు వాళ్ళ బొటనవేలిలో ఉండేది. దాన్ని మోటు పని అన్నారు, మనమూ అలాగే నమ్మి పిల్లలకు చెప్పడం మానేశాం. మీ ఇళ్ళలో గోగు ఊరవేసినవారు, నార తీసినవారు, జూట్ మిల్లులో చేసినవారు ఉంటే వారి దగ్గర కూర్చోండి. నార సిద్ధమైందని ఎలా గుర్తుపట్టేవారో, ఆ పనిలో వాడే మాటలేమిటో అడిగి ఇక్కడ రాయండి. ఒడియాలో, తమిళంలో, మరాఠీలో చదువుకున్న పిల్లలు తెలుగులో రాయలేకపోతే ఫోనులో రికార్డు చేసి పంపినా చాలు, మేము రాసి పెడతాం.