త్రాగుడు మానినవానికి తోడు

మంథని గోదావరి తీరమున వేదవిద్యకు పేరుపడిన పాత ఊరు. 2016 వరకు కరీంనగర్ జిల్లాలో ఉండి, ఆ యేట పెద్దపల్లి జిల్లాలో చేరినది. ఈ ప్రాంతపు పల్లెలలో పండుగకూ పెండ్లికీ కల్లు పోయుట పాత అలవాటు. అడవి ప్రక్కల ఇప్పసారా కూడ ఉండెడిది. ఇట్టి చోట త్రాగుడు మానదలచినవాడు కల్లుతోపాటు, కలిసి త్రాగిన స్నేహితులను కూడ విడువవలసి వచ్చును. దావతులో వద్దన్నవానిని ఎగతాళి చేయువారే అధికము. మరి అతనికి తోడెవరు?

చిరకాలము లోకము త్రాగుడును దుర్గుణముగానే ఎంచినది. బ్రిటిషు నౌకాదళములో వైద్యుడుగా పనిచేసిన థామస్ ట్రాటర్, అది మనస్సునకు పట్టిన వ్యాధి అని 1804లో వ్రాసినాడు. శరీరమునందు జరుగు మార్పులు తరువాత తెలిసినవి. మద్యము మెదడు చురుకును అణచును. ఏండ్ల తరబడి త్రాగినవాని మెదడు ఆ అణచివేతకు ఎదురుగా చురుకును పెంచుకొనును. హఠాత్తుగా మానినచో ఆ చురుకు అదుపు తప్పును. చేతులు వణకును, నిద్ర పట్టదు. కొందరికి రెండు దినములలో మూర్ఛలు, ఆపై మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కూడ రావచ్చును. 2020 మార్చిలో దేశమంతట లాక్‌డౌన్ వలన మద్యము దొరకనప్పుడు, హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయమునకు ఇట్టివారు అనేకులు వచ్చినారు. కనుక మొదటి తోడు వైద్యుడే.

వణకు కొలది దినములలో తగ్గును. కోరిక మాత్రము నెలల తరబడి వెంటాడును. 1935 మే నెలలో న్యూయార్కు వ్యాపారి బిల్ విల్సన్ పనిమీద ఆక్రన్ పట్టణమునకు వెళ్ళినాడు. త్రాగుడు మాని కొన్ని నెలలైనది. వ్యాపారము చెడి, హోటలులో ఒంటరిగా నిలిచినప్పుడు కోరిక మరల తలయెత్తినది. అతడు టెలిఫోను అందుకొని, తనవంటి మరొక త్రాగుబోతు కొరకు వెదకినాడు. అట్లు దొరికినవాడు శస్త్రవైద్యుడు రాబర్ట్ స్మిత్. వారి స్నేహమునుండి ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ సంఘము పుట్టినది. 1957లో అది ఢిల్లీలోను మొదలైనది. ఇది వట్టి నమ్మకమా? 2020లో 27 పరిశోధనలను పరిశీలించిన కాక్రేన్ సమీక్ష, ఇట్టి సంఘములలో చేరుటకు ప్రోత్సహించు చికిత్స పొందినవారిలో యేడాది తరువాత నూటికి 42 మంది, ఇతర చికిత్సలు పొందినవారిలో 35 మంది త్రాగుడుకు దూరముగా ఉన్నట్లు తేల్చినది.

తెలుగునాట ఆడవారు మరొక మార్గము పట్టినారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణముపై తిరుగబడినారు. ఆ ఉద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారా నిషేధమునకు, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధమునకు దారితీసినది. కాని 1997లో నిషేధము సడలినది. దుకాణము మూసినను కోరిక మూతపడదు. అది మరల తెరచిననాడు, మానినవాని ప్రక్కన మనుష్యులుండవలెను.

ఇది మంథనికిని వర్తించును. దావతులో బంధువొకడు అతని చేతికి చాయ కప్పు అందించి, తానును చాయయే త్రాగుట చిన్న పని కాదు. ఒకనాడు తప్పి త్రాగినచో తిట్టి తరుమక, మరల వైద్యునికడకు తోడ్కొనిపోవలెను. 2022లో ఆరంభమైన టెలిమానస్ 14416 నంబరున తెలుగులోనే ఉచితముగా సలహా లభించును. ఇంట త్రాగుడు సమస్యగల విద్యార్థికి ఉపాధ్యాయుడు ఈ నంబరు చెప్పినను, ఒక కుటుంబమునకు తోడైనట్లే.