బొగ్గు బెల్టులో పగటి దీపం

పగలు వాహనానికి వెలిగే దీపం దారి చూడటానికి కాదు, ఎదుటివారికి కనబడటానికి. చలికాలం పగలంతా మసకగా ఉండే ఉత్తర ఐరోపాలో ఈ పద్ధతి మొదలైంది. స్వీడన్ 1977లో దీన్ని తప్పనిసరి చేసింది. ఐరోపా సమాఖ్యలో 2011 నుంచి కొత్త రకం కార్లు పగటి దీపాలతోనే వస్తున్నాయి.

సింగరేణి బొగ్గు గనుల కార్మికులకు ఈ సూత్రం కొత్తది కాదు. గోదావరిఖనిలో బాయి దిగే మనిషికి నెత్తిమీది క్యాప్‌ల్యాంప్ దారి చూపుతుంది, అతడెక్కడున్నాడో తోటివారికీ తెలుపుతుంది. ఓపెన్‌కాస్టు గనుల్లో ఆ అవసరం పట్టపగటికీ వచ్చింది. ఎత్తైన డంపర్ క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవరుకు దగ్గరలోని జీపు, పికప్ కనబడవు. దుమ్ము లేస్తే దూరంలోనివీ కనబడవు. అక్కడ చిన్న బండికి దీపం, పొడవాటి కర్రకు కట్టిన జెండా ప్రాణరక్షణే.

ఇక రోడ్ల సంగతికొస్తే, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశంలో కొత్త ద్విచక్ర వాహనాల హెడ్‌లైటు ఇంజనుతోపాటే వెలుగుతోంది. ఆర్పే స్విచ్ లేదు. మొదట్లో ఎదురొచ్చేవారు పిడికిలి తెరిచి మూస్తూ “లైటు వెలుగుతోంది” అని సైగ చేసేవారు. స్విచ్ విడిగా పెట్టించుకుందామనుకునేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: కంపెనీ అమర్చిన మూల నిర్మాణాన్ని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తుంది.