నౌకాశ్రయ శాసనములు: వాని దండనలు

ఒక ప్రభుత్వమువారు దేనిని విలువగలదానినిగా నెంచిరో తెలిసికొనవలయునన్నచో వారి ప్రశస్తులను జదువుటకంటె వారి దండనపట్టికను జదువుట మేలు. ప్రశస్తులలో ధర్మము, దయ, ప్రజాక్షేమము మొదలగు మాటలు సమృద్ధిగా నుండును. దండనపట్టికలో ఏ తప్పునకు ఎన్ని రూపాయలు, ఏ తప్పునకు ఎన్ని వారముల చెర అను నంకెలు మాత్రమే యుండును. ఆ యంకెలు ఎవ్వరిని బొగడవు, బొంకును బలుకవు. ఆంగ్లేయుల పాలనమున మన రేవులను నడపిన శాసనములను ఈ దృష్టితో బరిశీలించుట మా యుద్దేశము.

ఓడరేవునకు శాసనముండుట మనకు గ్రొత్తగాదు. క్రీ. శ. 1244లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవునకు వచ్చు వర్తకులకు నభయమొసగుచు శాసనము వేయించెను. గాలివానలో జిక్కి పగిలి తీరమునకు గొట్టుకొనివచ్చిన యోడలలోని సరుకును పూర్వపు రాజులు బలిమిని గైకొనుచుండిరి. ప్రాణములకు దెగించి సముద్రముపై దిరుగు వర్తకులయెడ దయతో, తాను నియమితమైన సుంకము దక్క మఱేమియు గైకొననని గణపతిదేవుడు వాగ్దానము చేసెను. ఎగుమతి దిగుమతులపై సుంకము ముప్పదింట నొకవంతని నిర్ణయించెను. ఈ శాసనము ముందుగా గట్టడి చేసినది వర్తకుని గాదు, రాజునే. ఆపదలో నున్నవానిని దోచుకొనరాదని రాజు తన చేతులను దానే కట్టుకొనెను. ఈ సంగతిని జ్ఞాపకమందుంచుకొని మనము తరువాతి కాలమునకు రావలెను.

ఆంగ్లేయులు 1639లో చెన్నపట్టణమున స్థానమును సంపాదించిరి గాని యచ్చట సహజమైన రేవు లేదు. ఓడలు తీరమునకు దూరముగా లంగరు వేసికొని నిలుచుచుండెను. నడుమ నుగ్రమైన కెరటములు. మనుష్యులును సరుకులును మసూలా పడవలలోనే యొడ్డు చేరవలెను. ఈ పడవలకు ఇనుపమేకులుండవు. పలకలను గొబ్బరినారత్రాటితో గుట్టుదురు. మేకులతో బిగించిన పడవ కెరటపు దెబ్బకు బగులును. కుట్టినది వంగి యోర్చుకొనును. సముద్రము మఱింత రేగినప్పుడు ఒడ్డునందలి స్తంభముమీద జెండా నెత్తి రాకపోకలను నిషేధించుచుండిరి. అప్పుడును కట్టుమరములవారు ఉత్తరములను దలపాగలలో దాచుకొని యీదుకొనుచు ఓడలయొద్దకు బోవుచుండిరి. 1875లో గట్టి రేవు నిర్మించుటకు శంకుస్థాపన జరిగెను. కట్టిన గోడలను 1881 నవంబరు తుఫాను విఱుగగొట్టగా మరల గట్టవలసివచ్చెను.

రేవు కట్టకమున్నే రేవు శాసనము పుట్టినది. రేవులను గుఱించియు వాని సుంకములను గుఱించియు 1855లో నొక శాసనము చేయబడెను. దానిని సవరించుచు 1875లోను, 1889లోను, కడపట 1908లోను క్రొత్త శాసనములు వచ్చినవి. 1908 నాటి శాసనము చేయబడినప్పుడు అందుండిన దండనలలో గొన్నిటిని చదువరుల యెదుట నుంచెదము. సరుకులేని యోడ ఒరిగిపోకుండ నడుగున వేసికొనివచ్చిన రాళ్లను, ఇసుకను రేవులో బారబోసినవారికి అయిదువందల రూపాయల వఱకు జరిమానా. తీసివేయుటకైన ఖర్చు వేఱుగా నిచ్చుకొనవలెను. నిషిద్ధమైన చోట ఓడమీద గీలు కాచినయెడల రెండువందల వఱకు. కప్పులేని దీపమును దగ్గఱ బెట్టుకొని పీపాలనుండి సారాయము దీసినయెడల నంతే. ప్రొద్దుగ్రుంకిన తరువాత మోకును రేవునకడ్డముగా నుంచినను నంతే. ఆపద తెలుపుటకు దక్క అనుమతిలేక తుపాకి కాల్చినయెడల ఏబది వఱకు. ఓడకు నిప్పంటుకొన్నప్పుడు దానిని ఆర్పుటకు గోరి యేర్పాటుచేయని కప్తానునకు ఆఱునెలల వఱకు చెర, లేదా వేయి రూపాయల వఱకు జరిమానా, లేదా రెండును. జరిమానాలును సుంకములును చెల్లించువఱకు ఓడకు బయలుదేఱుటకు సెలవు చీటి యియ్యరు. కావున నెగవేత కవకాశమే లేదు.

ఈ నిబంధనలలో నిరర్థకమైనది మాకొక్కటియు గనబడదు. కొయ్య, త్రాడు, తెరచాప, కీలు, ఇవియే యోడ. ఒక నిప్పురవ్వ చాలును, ప్రక్కనున్న పదియోడలు బూడిద యగుటకు. రాళ్లు పారబోయుటయు స్వల్పమైన తప్పు గాదు. గోదావరి తెచ్చిన యొండ్రుచేత బూడిపోయి, ఒకప్పుడోడలు కట్టుచు, బాగుచేయుచు బ్రసిద్ధికెక్కిన కోరంగి రేవేమైనదో మనవారెఱుగుదురు. నదియే చాలనట్లు నావికులు గూడ దిబ్బలు వేసినచో రేవేల నిలుచును? రేవు అందఱిది గనుక ఒక్కని నిర్లక్ష్యమునకు శిక్షయుండవలసినదే.

ఇంతేకాదు, ఆ శాసనమున న్యాయమైన విధులును గలవు. రేవులో మునిగి దారికడ్డమైన యోడను అధికారులు తొలగించి యమ్మవచ్చును. ఖర్చు పోగా మిగిలిన సొమ్ము హక్కుదారునకు జెందవలెను. ఇది గణపతిదేవుని వాగ్దానమునకు దూరపు చుట్టము. రోగియైన నావికుని వైద్యమునకై యోడ యజమాని భరింపవలసిన వ్యయమును చెల్లింపకున్నను బయలుదేఱు చీటి దొరకదు. మంచిని మంచియనుటకు మాకు సంకోచము లేదు.

అయినను ఓడ కొయ్యయు నినుమును మాత్రమే కాదు. దానిని నడపువారు మనుష్యులు. వారి నడవడిని గట్టడి చేయు శాసనము వేఱొకటి. 1854లో ఇంగ్లాండునందు చేయబడిన వర్తకనౌకా శాసనము ప్రకారము, ఒప్పందపు గడువు తీరకమున్నే యోడను విడిచి పాఱిపోయిన నావికునకు పండ్రెండు వారముల వఱకు చెర. అందు గఠినమైన పనియు జేయింపవచ్చును. ఓడలో విడిచిన బట్టలును, రావలసిన జీతమును గూడ బోవును. 1859లో హిందూదేశమునకు జేసిన శాసనమును ఈ మార్గమునే త్రొక్కినది. రాళ్లు పారబోయించిన కప్తాను రూపాయలు చెల్లించి ఆ రాత్రియే తన గదికి బోయి నిద్రించును. పని విడిచిన కలాసి జీతమును, బట్టలను గోల్పోయి చెరసాలకు బోవలెను. ఒకడు రేవును జెఱచెను. మఱియొకడు తన కష్టమును దాను మానుకొనెను. ఏది పెద్ద తప్పు?

దీనికంటె వింతయైన సంగతి యొకటి కలదు. మాట తప్పిన పనివానిని చెరలో బెట్టుట అన్యాయమని ఇంగ్లాండునందే వాదములు చెలరేగగా, 1880లో ఆ దేశపు రేవులలో నీ చెరశిక్షను దీసివైచిరి. 1894 నాటి శాసనము దీనిని మరల నిట్లు స్థిరపఱచినది: పాఱిపోయిన నావికునకు జీతనష్టము అన్నిచోట్లను గలదు, పండ్రెండు వారముల చెర మాత్రము ఇంగ్లాండు రాజ్యమునకు వెలుపలనే. తప్పొక్కటియే, ఓడయు నొక్కటియే కావచ్చును. లండనులో దిగిపోయిన నది జీతపు లెక్క. మఱియొక ఖండపు రేవులో దిగిపోయిన నది చెరసాల. ధర్మము రేవునుబట్టి మాఱునా? స్వదేశమున సిగ్గుచేటని విడిచినదానిని పరదేశమున నక్కఱయని యుంచుకొనుటయే వలసపాలనపు నిజస్వరూపమని మా యభిప్రాయము.

మన కలాసీలకు గలిగిన కష్టము ఇంతతో దీఱలేదు. 1823 నాటి ఇంగ్లాండు శాసనమొకటి, ఈ దేశపు నావికులు రాజుయొక్క ప్రజలే యయినను, బ్రిటిషు నావికులుగా లెక్కకురారని చెప్పినది. వారి జీతము తెల్లనావికుల జీతములో సాధారణముగా మూడవవంతు మొదలు అయిదవవంతు వఱకు మాత్రమే. శిక్షయందు సమానత్వము, జీతమునందు భేదము!

ఒడ్డున బనిచేయువారి మాటయు జూడుడు. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి వేలకొలది తెలుగువారు కూలికై రంగూనునకు బోయిరి. కోరంగి పేరే వారికచ్చట జాతినామమైనది. ఓడలలోని సరుకు మోసినవారు చాలవఱకు వీరే. 1930 మే నెలలో వీరు కూలి హెచ్చింపుడని పని మానిరి. పని చేయించువారు బర్మావారిని దెచ్చి పెట్టుకొనిరి. తెలుగువారితో రాజీ కుదురగానే బర్మావారిని బొమ్మనిరి. ఇద్దఱు బీదలకు దగవు పెట్టిన ఈ చేష్టనుండి ఘోరమైన కొట్లాట పుట్టి యనేకులు, విశేషముగా దెలుగువారు, మడిసిరి. మోకు అడ్డముగా విడిచినందుకు దండన గల రేవులలో, మనుష్యులను మనుష్యులమీదికి విడిచినందుకు దండన యెక్కడ?

కాలక్రమమున గొంత మార్పు వచ్చినది. సరుకు ఎక్కించుచు దింపుచు గాయపడు కూలీల రక్షణకై 1934లో శాసనము చేసిరి గాని, అది 1948 వఱకు అమలులోనికి రాలేదు. ఆ సంవత్సరముననే రేవుకూలీలకు బని నిలుకడగా నుండుటకు వేఱొక శాసనమును వచ్చినది. 1908 నాటి రేవుల శాసనమో, సవరణలతో స్వతంత్ర భారతమునను నిలిచి, 2025లో గ్రొత్త శాసనము వచ్చువఱకు బ్రదికియుండెను. రాళ్లకు రక్షణ 1855లో. మోయువాని వీపునకు రక్షణ దాదాపు నూఱేండ్లకు!

ఇది యోడల సంగతి, మన యిండ్లకేల యని చదువరులు తలంపవచ్చును. ప్రతి గృహమును నొక చిన్న రేవే. పాత్ర పగిలిన జీతమునుండి తగ్గించుట, చెప్పకుండ నొకదినము రాకున్న కోపించుట, నడుమ మానిపోయిన నెలజీతము నిలుపుట యను దండనపట్టిక మన యింట వ్రాయకయే యున్నది. పనివారికి జ్వరము వచ్చిననాడు మనమేమి చేయవలెనో, వారి బిడ్డ చదువునకు మనమెంత సెలవీయవలెనో, తప్పు మనదైనప్పుడు మనకేమి దండనయో ఆ పట్టికలో నున్నదా? బలవంతుడు ముందుగా తన చేతులను గట్టుకొనుటయే శాసనమునకు ధర్మమని మోటుపల్లి రాతికంబము చెప్పుచున్నది. పరపాలకుల పట్టికలోని లోపమును జూచిన కన్నులతోనే మన పట్టికను గూడ జూచుకొందముగాక.