జన్యువుల లంకెలను లెక్కగట్టిన కథ

ఒక జన్యువు మరో జన్యువును అదుపు చేస్తుందని 1961లో పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఫ్రాన్స్‌వా జాకబ్, జాక్ మొనో వివరించారు. ఇ. కోలి బ్యాక్టీరియాలో లాక్టోజ్ చక్కెరను వాడుకునే జన్యువులను వేరొక జన్యువు నుంచి పుట్టే పదార్థం ఆపి ఉంచుతుంది. అయితే ఇలాంటి లంకెలను ఒక్కొక్కటిగా ప్రయోగశాలలో తేల్చుకోవలసి వచ్చేది. 1969లో స్టువర్ట్ కాఫ్‌మన్ పనిచేయడం, మానడం అనే రెండే స్థితులున్న జన్యువులతో ఒక గణిత నమూనా కట్టాడు. దాన్ని సరిచూడడానికి అప్పట్లో తగినన్ని కొలతలు లేవు.

ఆ కొలతలు 1995లో స్టాన్‌ఫర్డ్‌లో ప్యాట్రిక్ బ్రౌన్ బృందం రూపొందించిన, ఒకేసారి అనేక జన్యువుల పనితీరును కొలిచే మైక్రోఅర్రేతో మొదలయ్యాయి. తొలి ప్రయోగంలో గాజు పలక మీద ఉన్నవి అరబిడాప్సిస్ మొక్క జన్యువులు 45 మాత్రమే. రెండేళ్లు తిరిగేసరికి ఈస్ట్ జన్యువులు దాదాపు అన్నీ ఒకే పలక మీదికి చేరాయి. 1998లో మైకేల్ ఐసెన్, సహచరులు పనితీరు కలిసి పెరిగి కలిసి తగ్గే జన్యువులను గుంపులు కట్టారు. ఏది దేన్ని నడుపుతోందో మాత్రం గుంపు చెప్పదు.

ఆ ప్రశ్నను 2000లో జెరూసలేం హీబ్రూ విశ్వవిద్యాలయంలో నిర్ ఫ్రీడ్‌మన్ బృందం ఏ జన్యువు దేనిపై ఆధారపడుతుందో సంభావ్యతతో లెక్కగట్టి వలగా అల్లే బేసియన్ నెట్‌వర్క్‌లతో ఎదుర్కొంది. వారి చేతిలో ఉన్నవి ఆరు వేలకు పైగా ఈస్ట్ జన్యువులు, 76 కొలతలు. ఈ రంగానికి అసలు చిక్కు ఇదే: తెలుసుకోవలసినవి వేలు, ఆధారాలు పదులు. ఇంత తక్కువ సమాచారానికి సరిపోయే వలలు లెక్కలేనన్ని దొరుకుతాయి. అందుకే ఆ బృందం ఒక్క వలను నమ్మలేదు. కొలతలను మళ్లీ మళ్లీ యాదృచ్ఛికంగా ఎంచి వలలు అల్లి, పదేపదే కనిపించిన లంకెలనే నిలుపుకుంది. ఈ నిగ్రహమే ఆ పరిశోధనలో అన్నిటికన్నా విలువైనది.

మరో చిక్కు పరోక్ష సంబంధం. మొదటి జన్యువు రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని నడిపితే మొదటికీ మూడోదానికీ నేరుగా లంకె ఉన్నట్టే కనిపిస్తుంది. దీన్ని విడదీసే పాక్షిక సహసంబంధ పద్ధతికి ఆర్థర్ డెంప్‌స్టర్ 1972లోనే దారి వేశాడు. కొలతలు తక్కువైతే ఆ లెక్క సాగదు. బలహీనమైన లంకెలను సున్నాకు దించే గ్రాఫికల్ లాసో 2008లో ఆ అడ్డంకిని చాలావరకు తొలగించింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన అరాక్నే పద్ధతి మూడు జన్యువులు ఒకదానితో ఒకటి కలిసిన ప్రతి త్రిభుజంలోనూ అతి బలహీనమైన భుజాన్ని కొట్టేస్తుంది. లాస్ ఏంజెలిస్‌లో స్టీవ్ హార్వత్ 2005లో ప్రతిపాదించిన డబ్ల్యూజీసీఎన్ఏ పద్ధతి ఏది దేన్ని నడుపుతోందన్న దిశల జోలికి పోకుండా జన్యువుల సముదాయాలను మాత్రమే గుర్తిస్తుంది. జీవశాస్త్రవేత్తలు దాన్ని విస్తృతంగా వాడారు.

ఈ పద్ధతులను పోల్చి చూసిన డ్రీమ్ పోటీల ఫలితాలు 2012లో వెలువడ్డాయి. ముప్పైకి పైగా పద్ధతుల్లో ఏ ఒక్కటీ అన్నిచోట్లా నెగ్గలేదు. అన్నిటి అంచనాలను కలిపితే వచ్చిన వల మరింత నిలకడగా ఉంది. ఈస్ట్ విషయంలో మాత్రం ఫలితాలు నిరాశపరిచాయి. ఇ. కోలిలో ఆ ఉమ్మడి వల సూచించిన, అంతవరకు ఎవరికీ తెలియని 53 లంకెలను ప్రయోగశాలలో పరీక్షిస్తే, వాటిలో 23 నిజమని ఆధారం దొరికింది.