పాటలు ఎక్కించే పని

కెనడాలోని సస్కటూన్‌లో చలికాలం రాత్రి పడుకోబోయే ముందు నేను రెండు తీగలు తగిలించేవాణ్ణి. ఒకటి వాకిట్లో. కారు ముక్కు దగ్గర వేలాడే తీగను గోడకున్న ప్లగ్గులో పెడితే లోపలి హీటరు ఇంజన్ను రాత్రంతా వెచ్చగా ఉంచుతుంది. మరిచిపోతే, మైనస్ ముప్పై దాటిన తెల్లవారుజామున ఆ కారు కదలదు. రెండోది ఇంట్లో. కంప్యూటరు నుంచి ఐపాడ్‌కు. మర్నాడు ఏ పాటలు వింటూ నది దాటి విశ్వవిద్యాలయానికి వెళ్లాలో అవి ఆ తీగ వెంటే లోపలికి వెళ్లేవి.

మొదటి తీగ గురించి ఈ ఊళ్లో ఎవరినడిగినా చెబుతారు. రెండోదాని పుట్టుపూర్వోత్తరాలు నేను చెబుతాను.

ఈ పనికి మనవాళ్లు వాడే మాట ‘ఎక్కించడం’. బండికి బస్తాలు ఎక్కిస్తాం. సూదికి దారం ఎక్కిస్తాం. నీరసించి పడిపోయిన మనిషికి సెలైన్ ఎక్కిస్తాం. పాటలూ అలాగే ఎక్కించాం, మొదట క్యాసెట్లోకి, తరవాత సీడీలోకి, ఎంపీ3 ప్లేయర్లోకి, ఫోనులో పెట్టే మెమరీ కార్డులోకి. పెట్టెలు మారుతూ వచ్చినా మాట మారలేదు. సెలైన్ ఉదాహరణే నాకు అన్నిటికంటే దగ్గరగా తోస్తుంది. పరాయి ఊళ్లో తొలి చలికాలం గడిపినవాళ్లకు అదెందుకో వేరే చెప్పక్కర్లేదు.

క్యాసెట్‌ను ఫిలిప్స్ కంపెనీ 1963లో బయటపెట్టింది. అది మన ఊళ్లకు చేరి ఇంటింటి వస్తువయ్యాక ప్రతి చిన్న పట్నంలోనూ ఒక రికార్డింగు కొట్టు వెలిసింది. కాగితం మీద పాటల జాబితా రాసి, ఖాళీ క్యాసెట్ చేతికిస్తే నాలుగు రోజుల్లో నింపి ఇచ్చేవాళ్లు. ఇందులో ఒక లెక్క ఉంది. పాత సినిమా పాటలు చాలావరకు మూడు, మూడున్నర నిమిషాలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే రికార్డుకు ఒక పక్క పట్టేది అంతే గనక పాటను ఆ కొలతకే కట్టేవారు. అరవై నిమిషాల క్యాసెట్‌కు పక్కకు తొమ్మిది పాటలు. చివరి పాట చరణం మధ్యలో తెగిపోకుండా వరసను ముందే సర్దాలి. అది తెలిసినవాడి కొట్టు దగ్గరే జనం ఉండేవారు. పాటలు ఎక్కించడం చేతనైన పని అని నాకు మొదట తెలిసింది అక్కడే.

1979 జులై 1న జపాన్‌లో సోనీ వాక్‌మన్ అమ్మకానికి వచ్చింది. పాట జేబులోకి చేరింది. అదే ఏడు ఇంగ్లండులో కేన్ క్రేమర్ అనే యువకుడు టేపే లేని జేబు ప్లేయరును ఊహించి బొమ్మ గీశాడు. అప్పటి చిప్పులో పట్టేది మూడున్నర నిమిషాల సంగీతం, అంటే సరిగ్గా ఒక్క పాట. పాటలు టెలిఫోను తీగల మీదుగా కొట్టుకు వస్తాయి, కొనేవాడు అక్కడ తన ప్లేయర్లోకి ఎక్కించుకుంటాడు అన్నది అతని ఆలోచన. మన రికార్డింగు కొట్టును అతనెన్నడూ చూసి ఉండడు. అయినా అతని ఊహలోనూ ఒక కొట్టు, ఒక కౌంటరు, పాట ఎంచుకుని నిలబడ్డ మనిషి ఉన్నారు. డబ్బు సమకూరక పేటెంటు చేజారింది.

టేపు లేకుండా పాటను జేబులో పెట్టడానికి అసలు అడ్డం పాట బరువే. సీడీ మీద సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు కావాలి. ఆ బరువు జేబులో పట్టదు. జర్మనీలో ఎర్లాంగెన్ పట్నంలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, ఆయన సహచరులు దీని మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పెద్ద చప్పుడు పక్కనే మోగే చిన్న చప్పుడు చెవికి ఆనదు. డోలు మోగుతున్న చోట గుసగుస వినపడనట్టే. వినపడనిదాన్ని దాచడం ఎందుకు, తీసేద్దాం అన్నారు. వాద్యాలేవీ లేకుండా సుజాన్ వేగా పాడిన ఒక పాటను మళ్లీ మళ్లీ విని పద్ధతిని సాన పెట్టారు. ఒంటరి గొంతులో లోపం ఎక్కడున్నా పట్టుబడుతుంది మరి. సెకనుకు 128 కిలోబిట్లకు దించితే బరువు పదకొండో వంతయింది. 1995 జులై 14న ఆ ఫైళ్లకు ఎంపీ3 అనే తోక ఖాయం చేశారు.

128 దగ్గర మన పాత పాటల్లో తంబురా శ్రుతి నలిగినట్టు వినిపిస్తుందని నా చెవి చెబుతుంది. చోటు తక్కువైనా నేను 192 కంటే కిందికి దిగలేదు.

తొలి ఎంపీ3 ప్లేయర్లు 1998లో వచ్చాయి. కొరియాలో సేహన్ కంపెనీ ఎంపీమ్యాన్, ఆ వెంటనే అమెరికాలో డైమండ్ కంపెనీ రియో. రెండింటిలోనూ ఉన్నది 32 మెగాబైట్లు. అరగంట పాటలు, అంటే క్యాసెట్‌కు ఒక పక్క. రియోకు ఒక పెన్సిల్ బ్యాటరీ చాలు. పాటలు ఎక్కించడానికి కంప్యూటరు వెనక ప్రింటరు తగిలించే రంధ్రంలోనే దాని తీగ పెట్టాలి. అమెరికా రికార్డు కంపెనీల సంఘం దాన్ని ఆపించాలని కోర్టుకెక్కింది. కొనుక్కున్న పాటను సొంతానికి ఒకచోటి నుంచి మరోచోటికి మార్చుకోవడం తప్పు కాదని 1999 జూన్‌లో అప్పీలు కోర్టు తేల్చింది. ఆ తీర్పు వేరేలా వచ్చి ఉంటే తరవాతి కథే లేదు.

2001 అక్టోబరు 23న ఆపిల్ ఐపాడ్‌ను ప్రకటించింది. ఐదు గిగాబైట్లు, వెయ్యి పాటలు, 399 డాలర్లు. తొషీబా చేసిన చిన్న హార్డు డిస్కు దాని గుండె. అయితే నా దృష్టిలో అసలు మలుపు డిస్కు కాదు, తీగ. అప్పటి మామూలు యూఎస్‌బీ మీద గంటల తరబడి ఎక్కే వెయ్యి పాటలు ఫైర్‌వైర్ మీద పది నిమిషాల్లో ఎక్కాయి. మొదట్లో అది ఆపిల్ కంప్యూటర్లకే పనికొచ్చేది. విండోస్ వాళ్లకు 2002లో వేరే కంపెనీ సాఫ్ట్‌వేరుతో, 2003 అక్టోబరులో ఆపిల్ సొంత సాఫ్ట్‌వేరు ఐట్యూన్స్‌తో దారి దొరికింది. చవక ప్లేయర్లకు పెన్‌డ్రైవులో వేసినట్టు ఫైళ్లు లాగి వదిలితే సరిపోయేది. ఐపాడ్ అలా ఒప్పుకోదు. ఐట్యూన్స్ పుస్తకంలో ఏముందో అదే తన లోపల ఉండాలంటుంది.

నేను 20 గిగాబైట్ల ఐపాడ్ కొన్నది 2004 శరత్కాలంలో. దాని ధరలో ఇరవై ఐదు డాలర్ల లెక్క ఒకటి కలిసి ఉందని తరవాత తెలిసింది. ఇది కెనడాలో జరిగిన కథ. సొంతానికి పాటను నకలు చేసుకోవడం తప్పు కాదు, బదులుగా ఖాళీ క్యాసెట్లు, సీడీల మీద కొద్దిపాటి సుంకం వసూలు చేసి పాటకట్టినవాళ్లకు, పాడినవాళ్లకు పంచుదాం అని ఇక్కడి చట్టం ఏర్పాటు చేసింది. 2003 డిసెంబరులో కాపీరైట్ బోర్డు ఆ సుంకాన్ని ఎంపీ3 ప్లేయర్లకూ చుట్టింది. ఒక గిగాబైటు దాకా 2 డాలర్లు, పది దాకా 15, ఆపైన 25. సరిగ్గా ఏడాదికి, 2004 డిసెంబరులో ఫెడరల్ అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. చట్టం చెప్పింది ఖాళీ ‘మాధ్యమం’ గురించి, ప్లేయరు మాధ్యమం కాదు, యంత్రం. మెమరీ అందులో ఒక భాగమయ్యాక దాన్ని విడదీసి చూడలేం అన్నది కోర్టు మాట. సుంకం పోయింది, దానితో పాటు రక్షణా పోయింది. ఖాళీ సీడీలోకి పాట నకలు చేస్తే చట్టబద్ధం, అదే పాట ఐపాడ్‌లోకి ఎక్కిస్తే చట్టంలో స్పష్టమైన చోటు లేదు. 2012 నవంబరు 7న సవరించిన చట్టం అమల్లోకి వచ్చి, సక్రమంగా సంపాదించిన సొంత కాపీ నుంచి సొంతానికి చేసుకునే నకలును అనుమతించేదాకా ఎనిమిదేళ్లు అలాగే గడిచింది. ఆ సీడీ ఎవరికైనా ఇచ్చేస్తే మన దగ్గరి నకలునూ చెరిపేయాలని అందులో షరతు ఉంది. పాట రాసినవాడికి ముట్టేలా చూసిన ఆ పాత సుంకం ఆలోచనే మంచిదని నేను ఇప్పటికీ అనుకుంటాను.

కంప్యూటర్లోకి సీడీని ఎక్కించడం సగం పనే. మిగతా సగం పేర్లు పెట్టడం. మనకు అన్యాయం జరిగింది అక్కడ.

ఎంపీ3 ఫైల్లో మొదట పాట పేరు రాసుకునే చోటే లేదు. 1996లో ఎరిక్ కెంప్ అనే ప్రోగ్రామరు ఫైలు చివర 128 బైట్ల చీటీ ఒకటి అతికించాడు. పాట పేరుకు 30, గాయకుడికి 30, ఆల్బమ్‌కు 30, సంవత్సరానికి 4, వ్యాఖ్యకు 30, ఇక పాట జాతి చెప్పే ఒక్క అంకె. ఆ జాబితాలో సున్నా అంటే బ్లూస్, ఒకటి క్లాసిక్ రాక్, రెండు కంట్రీ. తెలుగు సినిమా పాటకు అంకె లేదు. సంగీత దర్శకుడికి గడి లేదు. రచయితకు గడి లేదు. యూనికోడు తెలుగు సాధారణంగా నడిచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు చిహ్నానికి మూడు బైట్లు కావాలి. ‘మల్లీశ్వరి’ అని రాస్తే ముప్పయ్యీ నిండిపోతాయి.

1998లో వచ్చిన కొత్త చీటీలో స్వరకర్తకూ రచయితకూ చోటిచ్చారు, యూనికోడూ పట్టింది. కానీ ఐట్యూన్స్ తెర మీద కనపడే గడుల్లో స్వరకర్త ఉన్నాడు గాని రచయిత లేడు. నా ఐపాడ్ తెరకు తెలుగు లిపీ రాదు. అందుకని ఇంగ్లీషు అక్షరాల్లో రాయాల్సి వచ్చింది. రాసేవాళ్లు తలా ఒక తీరు. సీడీ పెట్టగానే ఇంటర్నెట్ నుంచి దిగే పేర్లు మనలాంటి శ్రోతలు ఎవరో టైపు చేసినవే కదా, ఘంటసాల పేరు మూడు రకాలుగా వచ్చేది. యంత్రం ఆయన్ను ముగ్గురు గాయకులుగా లెక్కేసేది.

వాటిని సరిచేయడానికి నాన్నకు ఫోను చేసేవాణ్ణి. మా సస్కచ్వాన్ రాష్ట్రంలో గడియారం ఏడాది పొడవునా మారదు, మన దేశానికీ మాకూ ఎప్పుడూ పదకొండున్నర గంటల తేడా. ఇక్కడ రాత్రి తొమ్మిదికి అక్కడ మర్నాటి ఉదయం ఎనిమిదిన్నర, కాఫీ అయిపోయి పేపరు చేతిలో ఉన్న వేళ. నేను సినిమా పేరు చెబితే ఆయన మిగతాది చెప్పేవారు.

‘‘మాయాబజార్ పాటలు పింగళి వారివి రా. సంగీతం ఘంటసాల అని ఊరుకోకు. నాలుగు పాటలకు బాణీలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు గారు. అదీ రాయి.’’

‘‘ఒక్క పేరుకే గడి ఉంది నాన్నా.’’

‘‘పక్కన ఎక్కడో ఒకచోట రాయి. రాయకపోతే పోతుంది.’’

అలా వ్యాఖ్య గడిలో పింగళి, సముద్రాల, దేవులపల్లి, ఆత్రేయ చేరారు. మల్లీశ్వరికి రాజేశ్వరరావు గారితో పాటు అద్దేపల్లి రామారావు గారి పేరూ చేరింది. ఒక్క చలికాలంలో ఆరువందల పాటలకు పైగా అలా రాశాం. పాట గురించి ఆయనతో అంతసేపు మాట్లాడింది నా జీవితంలో ఆ నాలుగు నెలలే.

చలి గురించి కూడా ఒక మాట. ఐపాడ్‌ను సున్నా నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని తయారీదారు రాసిన కాగితం చెబుతుంది. మా జనవరి ఆ గీతకు ఎంతో కింద. చలికి లిథియం బ్యాటరీ లోపలి రసాయన చర్య మందగిస్తుంది, తెర మీద అక్షరాలు నెమ్మదిగా పాకుతాయి. ప్లేయరును కోటు లోపలి జేబులో, ఒంటికి ఆనించి పెట్టుకుని, చెవి తీగను మెడ దగ్గర నుంచి పైకి లాగేవాళ్లం. బయటి నుంచి వచ్చాక వెంటనే తగిలించకూడదు. చెమ్మ పడుతుంది, కాసేపు ఆగాలి. 11వ నంబరు రోడ్డు మీద రెజైనాకు 260 కిలోమీటర్లు వెళ్లేటప్పుడు చిన్న ఎఫ్ఎం ట్రాన్స్‌మిటరు పెట్టి కారు రేడియోలో వినేవాళ్లం. 90.5 మీద ఊరి కమ్యూనిటీ రేడియో సీఎఫ్‌సీఆర్ ఉంటుంది గనక దానికి దూరంగా ఖాళీ చోటు వెతుక్కోవాలి. ఊరు దాటితే రెండు పక్కలా మంచు మైదానం, మధ్యలో భానుమతి గొంతు.

ఆ తరవాతి కథ మీకు తెలిసిందే. మన పట్నాల్లో సెల్‌ఫోను కొట్లు మెమరీ కార్డుల్లోకి పాటలు ఎక్కించడం మొదలుపెట్టాయి. పాత రికార్డింగు కొట్టు మళ్లీ పుట్టింది గాని జాబితా కాగితం పోయింది. ఒక ఫోల్డరు మొత్తం గుండుగుత్తగా దింపేవారు. తరవాత ఇంటర్నెట్ నుంచి నేరుగా వినే రోజులొచ్చి ఎక్కించే పనే లేకుండా పోయింది. ఎంపీ3 లైసెన్సుల కార్యక్రమం 2017 ఏప్రిల్‌లో ముగిసింది. 2022 మే 10న ఆపిల్ చివరి ఐపాడ్‌నూ ఆపేస్తున్నట్టు చెప్పింది. ఇప్పటి సౌకర్యాన్ని నేను కాదనను. కానీ ఆ యాప్‌లలో పాత పాట కింద రచయిత పేరు వెతికి చూడండి. చాలాచోట్ల దొరకదు. పాట హక్కుల ఒప్పందం ముగిస్తే పాటే మాయమవుతుంది.

మీ సొరుగులో పాత ప్లేయరు ఉంటే ఈ వారమే బయటికి తీయండి. ఒళ్లు ఉబ్బినట్టుంటే చార్జి పెట్టకండి, బాగుచేసేవాళ్లకు చూపించండి. బాగుంటే కంప్యూటరుకు తగిలించండి. అది ఐపాడ్ అయితే, ఐట్యూన్స్ ‘చెరిపి మళ్లీ నింపనా’ అని అడిగితే వద్దనండి. దాచిన ఫైళ్లు చూపించమంటే ‘ఐపాడ్ కంట్రోల్’ అనే ఫోల్డరు, అందులో ‘మ్యూజిక్’, అందులో ఎఫ్00, ఎఫ్01 అంటూ వరస కనిపిస్తాయి. ఫైళ్ల పేర్లు అర్థంలేని నాలుగక్షరాలుగా ఉంటాయి, భయపడకండి. మీరు రాసిన చీటీ ప్రతి ఫైలు లోపలా భద్రంగా ఉంటుంది. విండోస్‌తో నింపినదైతే ఏ కంప్యూటరైనా చదువుతుంది, ఆపిల్‌తో నింపినదైతే ఆపిల్ కావాలి. అన్నీ రెండుచోట్లకు నకలు చేయండి. ఇప్పుడు తెరలకు తెలుగు వచ్చింది గనక పేర్లు తెలుగులో తిరగరాయండి, రచయిత గడి నింపండి. మీకు తెలియని పేర్లు మీ ఇంట్లో పెద్దవాళ్లకు తెలిసి ఉంటాయి. ఈ ఆదివారం ఫోను చేసి అడగండి.